తెర మీద సక్రి పేరు

ఇంటర్వెల్ అయిపోయి లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతుండగా అక్షయ ఒళ్లో ఫోను వణికింది. కుమార్ అన్న. పెదనాయిన దేవ్యా కొడుకు, జనగామలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు, అక్కడి పొద్దటి ఆట చూసి బయటికొచ్చినట్టున్నాడు. ‘చెల్లె, హీరోయిన్ బస్సు దిగి తండకు వచ్చే సీను రాకముందే చిన్నమ్మను బయటికి తీస్కపో. గొంతు మార్చిన్రు. నవ్వులాటకు పెట్టిన్రు.’ అంతే ఉంది. మళ్లీ చదివితే మాటలు మారతాయేమోనన్నట్టు మళ్లీ చదివింది, మారలేదు, వెలుగు తల్లి ముఖం మీద పడకుండా ఫోను బోర్లా తిప్పి తొడ కింద పెట్టుకుంది. పక్క సీట్లో తుల్సీబాయి ముందుకు వంగి, ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకుని, ఇంకా ప్రకటనలే నడుస్తున్న తెరను కళ్లార్పకుండా చూస్తోంది. సిగరెట్లు మానమని చెప్పే ప్రకటనను కూడా అంతే శ్రద్ధగా చూసింది. మహబూబాబాద్‌లోని ఈ పాత థియేటరుకి ఆమె సినిమా కోసం రాలేదు. చచ్చిపోయిన పెద్దకూతురు సక్రి పేరును అంత పెద్ద తెర మీద వినడానికి వచ్చింది.

ఏమని చెప్పి లేపాలి ఈమెను. తలనొప్పి అంటే జండూబామ్ తీసి రాస్తుంది, కొంగులో కట్టుకునే తెచ్చుకుంది. నాయినకు బాగాలేదని ఫోనొచ్చిందంటే, మీ నాయిన బాల్‌సింగ్ బతికే ఉన్నాడు కదా, సినిమా అయ్యాక చూద్దాం అంటుంది, అనేస్తుంది, ఆ మాటలో వెనకాముందూ చూడదు. ఇంటర్వెల్‌లో తండా ఆడవాళ్లంతా బయటికి పోయినా ఈమె కదల్లేదు, మూత్రానికి కూడా పోలేదు, ఆ లోపల ఆ పేరు వచ్చిపోతే ఎట్లా అని. బయటికి పోయినవాళ్ల పని కూడా ఏమంత బాగాలేదు, పెట్టెల అడుగు నుంచి తీసి కట్టుకొచ్చిన అద్దాల పేటియా లంగాలు, కాంచళి రవికెలు, మోచేతుల పైదాకా తెల్లగాజులు, మరిపెడ దగ్గరి తండా నుంచి దేవ్యా పెదనాయిన ట్రాలీ ఆటోలో పెళ్లికి పోతున్నట్టు వచ్చారు, సమోసాల దగ్గర ఎవరో కాలేజీ పిల్లలు చుట్టూ చేరి, ‘అవ్వా, మిమ్ములను సినిమోళ్లు పంపిన్రా? పబ్లిసిటీకా?’ అని అడిగి సెల్ఫీలు దిగారు. వీళ్లూ నవ్వుతూ దిగారు. మా తండా సినిమా అని చెప్పుకున్నారు. ఆ పిల్లల్లో ఒకడు ‘ఒక స్టెప్పెయ్యి అవ్వా’ అంటే అక్షయకు అరికాలి మంట నెత్తికెక్కింది, అయినా నోరు మెదపలేదు, జీన్‌ప్యాంటు వేసుకున్న తను వీళ్ల మనిషేనని ఆ పిల్లలకు తెలియదు, తెలియనందుకు ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పుడు రోత పుడుతోంది.

తెర మీద హీరో బండి తోలుతున్నాడు. ఇంకా టైముంది. హీరోయిన్ పట్నంలోనే ఉంది కదా, తండాకు రావాలంటే ముందు హీరోతో తగవు పడాలి, పాట అయిపోవాలి, అప్పుడు బస్సెక్కాలి. కథ మొత్తం అక్షయకు తెలుసు, కాగితాల మీద చదివింది, అందులో లంబాడీ మాటలన్నీ తను రాసిచ్చినవే. డైరెక్టర్ ధీరజ్ మంచివాడే, అదే వచ్చిన తంటా, చెడ్డవాడైతే తిట్టిపోసి చేతులు దులుపుకునేది. తండాలో నేల మీద కూర్చుని జొన్నరొట్టె, ఎర్రకారం తిన్నాడు, కళ్లనీళ్లు కారుతున్నా ఇంకో రొట్టె అడిగాడు, తుల్సీబాయిని అమ్మా అన్నాడు. భూపాలపల్లి దవాఖానలో నర్సుగా చేస్తున్న తనను వెతుక్కుంటూ వచ్చి, ‘అక్షయ గారూ, ఇన్నాళ్లూ సినిమాల్లో మీవాళ్లను చూపించినట్టు నేను చూపించను, మీరు పక్కనుండి తప్పులు చెప్పండి’ అన్నాడు, ఆ మాటకు పడిపోయింది. ఎవరు పడరు. చిన్నప్పుడు తండాలో ఉన్న ఒకే ఒక్క టీవీ ముందు పిల్లలంతా కూర్చుంటే, అద్దాల బట్టల్లో నడుములు ఊపుతూ ఎవరో ఆడవాళ్లు వచ్చేవాళ్లు, ఏ భాషా కాని కూతలు కూసేవాళ్లు, విలన్ ముందు మందు గ్లాసులు పెట్టి ఆడేవాళ్లు, అక్క సక్రి లేచి టీవీ కట్టేసేది, పిల్లలు గోల చేసేవాళ్లు. మర్నాడు బళ్లో మగపిల్లలు అవే కూతలు అక్షయ మీద కూసేవాళ్లు.

తప్పులు చెప్పమన్నాడు కదా, చెప్పింది. భూపాలపల్లి అడవి పక్కన కోయవాళ్ల జాతర సీను తీస్తుంటే అందరికీ లంబాడీ బట్టలేసి నిలబెట్టారు, వాళ్లు కోయవాళ్లండీ, వాళ్లకు ఈ అద్దాలుండవు అంది, ధీరజ్ నొసలు రుద్దుకుని, ‘నిజమే, కానీ ప్రేక్షకుడికి ఒక్క చూపులో గిరిజనులని తెలియాలి కదండీ’ అన్నాడు. హీరోయిన్ చెంపల పక్కన గుగ్రి, టోప్లి వేలాడదీశారు, వెండి బిళ్లలు, పెళ్లయిన ఆడది తప్ప ఎవరూ పెట్టుకోనివి, కథలో ఆ పిల్లకు పెళ్లే కాలేదు. అది తీసెయ్యండి అంది అక్షయ. బట్టలు చూసే అమ్మాయి కెమెరాలో మెరుస్తున్నాయని ఉంచేసింది. పోనీలే, వెండి బిళ్లలే కదా, దీనికి కూడా గొడవెందుకు అని తనే ఊరుకుంది.

ఆ పోనీలే ఎంత పని చేసింది. సాయంత్రం, పొలాల మీద దుమ్ము ఎర్రగా లేచి ఉంది, హీరోయిన్ బస్సు దిగి బాట వెంట నడిచి వస్తోంది, కెమెరా ఎక్కడో చెట్ల చాటున, గుంపులో నిలబడమని తండావాళ్లను దూరంగా నిలబెట్టారు. తుల్సీబాయికి కళ్లల్లో పొరలు, పొద్దుగూకితే మనుషులు సరిగా ఆనరు. ఆమెకు ఆనింది ఒకటే, అత్తగారింటి నుంచి, ఒంటరిగా, ముసుగేసుకుని, చెంపల పక్కన బిళ్లలు ఊగుతూ తండాకు నడిచొస్తున్న పెళ్లయిన ఆడపిల్ల. సక్రి కూడా అట్లాగే వచ్చేది, అదే బాట వెంట. ఎవరూ చెప్పకుండానే గుంపులో నుంచి బయటికి నడిచింది, పరుగెత్తింది, ఆ పిల్ల మెడ పట్టుకుని ఏడుపు ఎత్తుకుంది. మా ఆడవాళ్లు అంతే, చాన్నాళ్లకు చుట్టం కనిపిస్తే నవ్వి పలకరించరు, మెడలు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు, చెప్పుకోవాల్సిన మంచీచెడ్డా అంతా ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు, అది అయ్యాకే మంచినీళ్లిస్తారు. సక్రీ, నా తల్లీ, వచ్చినావా, ఏ తోవన వచ్చినావే, చీకటి తోవలో కాలికి ముల్లు గుచ్చుకోలేదా, నీ కొడుకు బడికి పోతున్నాడే, నీ పోలికే, అన్నం ముందు అలుగుతాడు, నీ గాజులు పెట్టెలో పెట్టినా, ఎవరికీ ఇయ్యలేదు, సక్రీ, నీకు ఒక్క ముద్ద పెట్టకుండా పంపించినా కదే సక్రీ. పొలాలు వినేటట్టు. హీరోయిన్ బిత్తరపోయి నిలబడి, తర్వాత తనూ ఏడ్చేసింది, అది నటన కాదు. ధీరజ్ చాలాసేపు కట్ చెప్పలేదు. చెప్పాక అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు తుల్సీబాయి తల ఎత్తి, ఎదుటి ముఖాన్ని చేత్తో తడిమి చూసి, చెయ్యి తీసేసుకుంది.

సిగ్గుపడుతుందనుకుంది అక్షయ. పడలేదు. ఇన్నేళ్లకు కడుపు నిండా ఏడ్చినా, మంచిదే అయ్యింది అంది. సక్రి పోయిన రోజు ఏడవనిచ్చారా. మిరపకాయలు ఏరడానికి కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు కాలువ మలుపులో బోర్లాపడింది, శవాలను నేరుగా దవాఖానకు, అక్కడి నుంచి అత్తగారి తండాకు తీసుకుపోయారు, తుల్సీబాయి అక్కడికి చేరి ఏడుపు ఎత్తుకోబోయేసరికి ఏదో టీవీ కుర్రాడు మైకు ముందుకు తోసి, అమ్మా, ఇటు తిరిగి మళ్లీ ఏడువు, సరిగా రాలేదు అన్నాడు. ఆమె గొంతు అక్కడే బిగుసుకుపోయింది. రాత్రి వార్తల్లో చూపించారు, విషాద సంగీతం పెట్టి, తల్లి ముఖం చుట్టూ ఎర్రటి గుండ్రం గీసి, కింద కూలీల మృతి అని రాసి. పేరు లేదు. ఎవరి పేరూ లేదు. చనిపోయినవాళ్లు కూలీలు, గిరిజనులు, అంతవరకే వార్త. పేరు ఎందుకు చెప్పలేదని తుల్సీబాయి కనబడిన ప్రతివాడినీ అడిగింది, ఎవరు మాత్రం ఏం చెబుతారు. అందుకే ఆ సాయంత్రం ధీరజ్ ఆమె చేతులు పట్టుకుని, ‘అమ్మా, మీ ఏడుపు ఊరూరా పెద్ద తెర మీద వినబడుతుంది’ అంటే ఆమె దాన్ని ఒట్టు కిందనే తీసుకుంది. ఊరూరా సక్రి పేరు. జనగామలో, మహబూబాబాద్‌లో, తను ఎన్నడూ చూడని ఊళ్లలో. ఆ ఏడుపులోని ప్రతి మాటకూ తెలుగులో అర్థం రాసి అక్షయే పంపింది, తెర మీద కింద వేస్తామంటే, దవాఖాన డ్యూటీ గదిలో కూర్చుని, రాస్తూ రాస్తూ ఏడుస్తూ. దానికి ధీరజ్ ఫోనులో దండాలు పెట్టే బొమ్మలు తిరిగి పంపాడు. తర్వాత ఫోన్లు తగ్గాయి. తర్వాత ఎత్తడం మానేశాడు. అప్పుడే అర్థం కావలసింది.

పాట మొదలైంది. అయ్యో, పాట కూడా వచ్చేసింది. అక్షయ తల్లి మోచెయ్యి పట్టుకుంది. “యాడీ,” అంది, వాళ్ల భాషలో అమ్మ అంటే అదే, “జర బయటికి పోయొద్దామే, నాకు ఊపిరి ఆడుతలేదు.”

తుల్సీబాయి తెర మీది నుంచి చూపు తిప్పలేదు. “నువ్వు పోయి రా బిడ్డా. నేను పోతే అది పోతది.”

“రేపు మళ్ల చూద్దాం. రేపు ఇంకో ఆట ఉంటది.”

“రేపటిదాంక ఎందుకే, వచ్చేటట్టున్నది కదా.” తల్లి చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది. “మాట్లాడకు. పేరు ఇనబడది.”

ఇంక ఏం చెప్పాలి. చెప్పెయ్యి, ఇప్పుడే చెప్పెయ్యి, గొంతు మార్చారని, నవ్వులాటకు పెట్టారని. ఒకసారి తెలిస్తే ఆ గొంతు మళ్లీ బిగుసుకుపోతుంది, ఈసారి ఎన్నేళ్లకు విడుతుందో. చెప్పకపోతే అందరి నడుమ తనంతట తనే చూస్తుంది. నోటిదాకా వచ్చింది, ఆగింది. తల్లి ఏడుపుకు తను అడ్డం పడటం కొత్త కాదు కదా. మహబూబాబాద్‌లోనే, ఈ థియేటరుకు రెండు వీధుల అవతలే హాస్టలు, ఆరో తరగతి, చేరిన కొన్నాళ్లకు తల్లి చూడటానికి వచ్చింది, గేటు దగ్గరే మెడ పట్టుకుని రాగం ఎత్తుకుంది, అక్షయా నా తల్లీ చిక్కిపోయినావే అని, పైన వరండాలో వరుసగా పిల్లలు, వార్డెను, కిసుక్కుమని మొదలై పెద్దగా నవ్వులు. అందరు చూస్తున్నరే, ఊకో, అందరు చూస్తున్నరు అని తల్లి చేతులు విడిపించుకుంది. ఆ మాటే అంది. రాత్రి పడుకునేటప్పుడు గది గదంతా ఆ ఏడుపును కూసింది, టీవీలోని కూతల్లాగే. ఆ తర్వాత తుల్సీబాయి ఎప్పుడు వచ్చినా గేటు అవతల నిలబడి, బాగున్నవా అని మెల్లగా తెలుగులో అడిగేది, రొట్టెల మూట ఇచ్చి పోయేది. హాస్టలు అయిపోయింది, నర్సింగు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, ఇప్పటికీ అంతే, బస్సు దిగిన కూతురి మెడ పట్టుకోదు, బ్యాగు అందుకుంటుంది. సక్రి చచ్చిపోయినప్పుడు కూడా అక్షయ తల్లి మెడ పట్టుకుని ఏడవలేకపోయింది, ఎలా ఏడవాలో తనకు రాదు, నేర్చుకోవలసిన వయసులో సిగ్గుపడటం నేర్చుకుంది.

బస్సు. తెర మీద బస్సు వచ్చి ఆగింది. తండా ఆడవాళ్లు అదిగో మన వేపచెట్టు, అదిగో మన బోరింగు అని వేళ్లు చూపించుకుంటూ గుసగుసలాడారు, ఒకామె ఈల వెయ్యబోయింది. హీరోయిన్ దిగింది, నడిచింది, చెంపల పక్కన గుగ్రి ఊగింది, దుమ్ము ఎర్రగా లేచింది, అంతా ఆ సాయంత్రమే. కెమెరా హీరోయిన్ ముఖం మీదనే ఉంది. ఎవరో ముసలామె వీపు వచ్చి ఆ ముఖానికి అడ్డం పడింది, వీపు మాత్రమే, ముసుగు మాత్రమే, రెండు చేతులు. అప్పుడు గొంతు వచ్చింది. సన్నగా, కీచుగా, కోడిని తరుముతున్నట్టు, ఏ భాషా కాని కూత, అయ్యలల్లల్లో అని, టీవీలో వచ్చేదే, బళ్లో పిల్లలు కూసిందే. పక్కన నిలబడిన హీరో స్నేహితుడు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, ‘ఏందిరా బై, గింత మొత్తుకుంటుంది, ఎవరన్నా సచ్చిన్రా?’ అన్నాడు. ఇంకొకడు, ‘లేదన్నా, చాయ్ తాగుతవా బిడ్డా అని అడుగుతుంది. వీళ్లు గిట్లనే అడుగుతరు’ అన్నాడు. థియేటరు గొల్లుమంది. వెనక సీట్లలో ఎవరో అప్పుడే ఆ కూత అందుకున్నారు. తండా ఆడవాళ్లలో కూడా ఒకామె అందరితో పాటు నవ్వింది, నవ్వుతూనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత ఆ వరుసంతా చప్పుడు లేకుండా అయిపోయింది.

అక్షయ తల్లి వైపు చూడలేకపోయింది. కాసేపటికి తుల్సీబాయే ఆమె చెవి దగ్గరకు వంగింది.

“అది నా గొంతు కాదు,” అంది.

“కాదు యాడీ.”

“నాది ఎనక వస్తదేమో.”

కళ్లు మూసుకుంది అక్షయ. ఎంత మాట అంది ఈమె. చెడ్డమాట కాదు, నమ్మకం, ధీరజ్ పెట్టిపోయిన నమ్మకం ఇంకా కదలకుండా అట్లాగే ఉంది. సినిమా సాగింది. తండా గుడిసెలు తగలబడ్డాయి, హీరో వచ్చి అందరినీ కాపాడాడు, తండావాళ్లంతా చేతులు జోడించి అతని కాళ్ల దగ్గర కూర్చున్నారు, అద్దాలు మెరిశాయి. ఎక్కడ ఎవరు ఏడ్చినా తుల్సీబాయి నిటారుగా కూర్చుని చెవి ఒగ్గేది, కాదని తెలిసి మళ్లీ వెనక్కి వాలేది. ఆ చెవి ఒగ్గడం పక్క నుంచి చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో అక్షయకు మాత్రమే తెలుసు. ఒకచోట ధీరజ్ మీద కోపం వచ్చింది, ఇంకోచోట అతన్ని ఎవరు ఏమన్నారో, సీను బరువైపోయింది తీసెయ్ అని ఏ గదిలో ఎవరు చెప్పారో, అతను ఎంతసేపు కాదన్నాడో అనిపించింది, కాదనలేదేమో కూడా, ప్రేక్షకుడికి ఒక్క చూపులో తెలియాలి కదా. ఆ లోపల శుభం పడింది. జనం కుర్చీలు చప్పుడు చేస్తూ లేచారు, లైట్లు వెలిగాయి, తెర మీద తెల్లటి అక్షరాలు కింది నుంచి పైకి పోతున్నాయి. తండా ఆడవాళ్లు చూపులు కలపకుండా, అద్దాల బట్టలు మడుచుకుని పట్టుకుని, తలుపు వైపు నడిచారు. తుల్సీబాయి లేవలేదు.

“అవి ఏంది, పేర్లా?”

“పేర్లే.”

“గన్ని పేర్లా.” తల్లి వేలు ఎత్తి పైకి పోతున్న అక్షరాల వెంట పోనిచ్చింది, చదువు రాని వేలు, ఏ అక్షరం మీదా ఆగకుండా. “అండ్ల సక్రి పేరున్నదా?”

ఉంది అంటే సరిపోయేది. ఆ అక్షరాల వరుసల్లో ఎక్కడైనా చూపించి, అదిగో అదే అంటే, ఈమె దాన్ని చూసుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, తృప్తిగా ఇంటికి వచ్చేది. బతికినంతకాలం చెప్పుకునేది కూడా.

“లేదు యాడీ,” అంది అక్షయ.

తుల్సీబాయి తల ఊపింది, ఈ జవాబు తనకు పాతదే అన్నట్టు. సీటు పట్టుకుని లేవబోయింది. అప్పుడు అక్షయ ఆమె మెడ పట్టుకుంది. రెండు చేతులా పట్టుకుని ముఖం ఆ అద్దాల కాంచళిలో పెట్టేసింది, అద్దం అంచు చెంపకు గీసుకుంది, పాత పెట్టె వాసన, జండూబామ్ వాసన, ఏదో చప్పుడు వచ్చింది లోపలి నుంచి, రాగం కాదు, మాట కాదు, వెక్కిళ్లు. తల్లి ఒళ్లు కర్రలాగా బిగుసుకుపోయింది. తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడిన మనిషి ఇటే చూస్తున్నాడు, బయటికి పోతున్న కాలేజీ పిల్లలు ఆగారు, ఒకడి చేతిలో ఫోను లేచింది.

“ఊకో బిడ్డా,” అంది తుల్సీబాయి మెల్లగా, తెలుగులో. “అందరు చూస్తున్నరే.”

అక్షయ వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది. చాలాసేపటికి ఆ బిగుసుకున్న వీపు కొంచెం వంగింది, ఒక చెయ్యి లేచి ఆమె తల మీదికి వచ్చింది. తుల్సీబాయి మళ్లీ మాట్లాడింది, ఈసారి వాళ్ల భాషలోనే, మామూలు గొంతుతో, చిన్నపిల్లకు రొట్టె ఎట్లా తట్టాలో చెప్పినట్టు.

“గట్ల కాదే. ముందుగాల పేరు వెట్టి పిలువాలె. పిలిస్తేనే పోయినోళ్లకు ఇనబడ్తది. పిలువు.”

అక్షయ తలెత్తి, ఖాళీ అవుతున్న ఆ హాలు మొత్తం వినేటట్టు, అక్క పేరు పిలిచింది.